ఆర్డ్‌నెన్స్ డిపోకు ఎంతమంది కావాలి: మంజూరు సంఖ్య నుంచి కాదు, పని గంటల నుంచి లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు కొత్తగా చేరిన ఆర్డ్‌నెన్స్ డిపోలో (సైన్యానికి విడిభాగాలు, సామగ్రి నిల్వ చేసి అందించే గిడ్డంగిలో) మంజూరైన పోస్టుల సంఖ్య ఎప్పుడో నిర్ణయించినది. అందులో చాలా పోస్టులు ఖాళీగా ఉన్నాయి. నిజంగా ఎంతమంది అవసరమో తేల్చి నోట్ రాయమని మీ పై అధికారి అడిగారు. నిల్వలో ఉన్న ఐటెమ్‌ల సంఖ్యను బట్టి లెక్క కట్టాలని ఒకరు, షెడ్ల విస్తీర్ణాన్ని బట్టి కట్టాలని మరొకరు మీకు సలహా ఇస్తున్నారు. నా దృష్టిలో రెండూ సరైనవి కావు.

రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే: అవి నిల్వను కొలుస్తాయి కానీ పనిని కొలవవు. బిన్‌లో (సరుకు ఉంచే అరలో) పదేళ్లుగా కదలకుండా పడి ఉన్న ఒక పాత వాహనపు గేరు చక్రానికి ఏడాదికోసారి లెక్క చూడటం, తుప్పు పట్టకుండా గ్రీజు పూయడం తప్ప వేరే పని ఉండదు. దాని పక్క బిన్‌లోని ఫ్యాన్ బెల్టుకు వారం వారం ఇండెంట్లు (సరుకు కావాలని యూనిట్లు పంపే పత్రాలు) వస్తూనే ఉంటాయి. ఐటెమ్‌ల లెక్కలో మాత్రం ఈ రెండూ సమానం. అలాగే పెద్ద ఇంజన్లు ఉంచే షెడ్డు ఎంత విశాలంగా ఉన్నా క్రేన్ ఆపరేటరుతో కలిపి ఐదారుగురితో నడిచిపోతుంది. బేరింగులు, నట్లు, రబ్బరు సీళ్లు ఉన్న చిన్న షెడ్డుకు అంతకు రెట్టింపు మంది ఉన్నా సాయంత్రానికి వోచర్లు (సరుకు ఇచ్చిపుచ్చుకునే పత్రాలు) మిగిలిపోతుంటాయి.

నేను ఇలాంటి డిపోల్లో మొదట షెడ్ల మీద, తరువాత ప్లానింగ్ సీటులో చాలాకాలం పనిచేసిన సివిలియన్ ఉద్యోగిని. కింద ఇచ్చే అంకెలు లెక్క తీరు అర్థం కావడానికి వేసిన ఊహా అంకెలే గానీ ఏ డిపోకూ చెందినవి కావు. మీరు కూడా మీ డిపో అసలు సంఖ్యలను ఇటువంటి చోట రాయవద్దని మనవి. అవి అడగకుండానే ఈ ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పవచ్చు.

ముందుగా డిపోలో జరిగే పనిని స్వభావాన్ని బట్టి విడదీయండి. వచ్చే సరుకు, వెళ్లే సరుకు పెరిగితే పెరిగి, తగ్గితే తగ్గే పని మొదటి రకం. సరుకు కదిలినా కదలకపోయినా ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండి తీరవలసిన పని రెండవ రకం. కాపలా, ఫైర్ స్టేషన్, కంట్రోల్ రూమ్ దీని కిందికి వస్తాయి. మామూలు రోజుల్లో అసలు కనిపించకుండా, సైన్యం కదిలిన రోజున ఒక్కసారిగా మీద పడే పని మూడవ రకం. ఈ మూడింటికీ ఒకే సూత్రం వాడటం వల్లనే చాలా నోట్‌లు పై కార్యాలయం నుంచి ప్రశ్నలతో తిరిగి వస్తాయి.

మొదటి రకానికి కొలమానం వోచర్‌లోని ఒక్కొక్క లైన్, అంటే ఒక్కో ఐటెమ్‌కు ఉండే ఒక వరుస. ఒక ఇష్యూ (సరుకు బయటికి ఇచ్చే) లైన్ అంటే బిన్ దగ్గరకు నడవడం, ఐటెమ్‌ను గుర్తించడం, లెక్కపెట్టడం, బిన్ కార్డులోనూ కంప్యూటర్‌లోనూ నమోదు చేయడం, ప్యాకింగ్ బల్ల మీదికి చేర్చడం. రిసీట్ (సరుకు అందుకునే) లైన్‌కు ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే పెట్టె విప్పాలి, లెక్క చూడాలి, తనిఖీకి పంపాలి, తిరిగి వచ్చాక స్థలం వెతికి సర్దాలి. యూనిట్ల నుంచి తిరిగి వచ్చే పాత సరుకుది అన్నింటికంటే నెమ్మదైన పని, ఎందుకంటే దాని మీద సగం వరకు లేబుళ్లే ఉండవు, ఏది మరమ్మతుకు పోవాలి, ఏది తుక్కుకు పోవాలి అన్నది ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. సమయాలు కొలిచేటప్పుడు షెడ్డులో అందరికంటే చురుకైన స్టోర్‌కీపర్ వెంట గడియారం పట్టుకుని తిరగవద్దు; మధ్యస్థంగా పనిచేసే ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, వానాకాలంలో కొన్ని రోజులు, ఫిబ్రవరి-మార్చిలో కొన్ని రోజులు చూడండి. కొలత మొదలుపెట్టే ముందే యూనిట్ స్థాయి జేసీఎంలో (యాజమాన్యం, సిబ్బంది కలిసి చర్చించే వేదికలో) ఉన్న సిబ్బంది ప్రతినిధులతో కూర్చుని, ఇది ఎవరి ఉద్యోగం తీసివేయడానికీ కాదని చెప్పడం అవసరం. చెప్పకపోతే మీరు నిలబడ్డ ప్రతి చోటా పని ఒక లయలోనూ, మీరు వెళ్లిపోయాక మరో లయలోనూ సాగుతుంది.

ఇక ఉదాహరణ. ఒక షెడ్ల గ్రూపులో ఏడాదికి 36,000 ఇష్యూ లైన్లు ఉన్నాయనీ, ఒక్కొక్కదానికి సగటున 20 నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. అది 12,000 గంటల పని. 12,000 రిసీట్ లైన్లకు 45 నిమిషాల చొప్పున 9,000 గంటలు. తిరిగి వచ్చిన సరుకు 6,000 లైన్లకు గంట చొప్పున 6,000 గంటలు. 15,000 ఐటెమ్‌ల స్టాక్ టేకింగ్‌కు అరగంట చొప్పున 7,500 గంటలు. గ్రీజు పూయడం, ప్యాకింగ్ మార్చడం, గడువు తీరే సరుకును ముందుకు తేవడం వంటి సంరక్షణ పనికి 3,000 గంటలు. మొత్తం 37,500 గంటలు.

ఈ మొత్తాన్ని దేనితో భాగిస్తారన్న దగ్గరే అసలు తేడా వస్తుంది. వారానికి ఐదు రోజుల పని ప్రకారం ఏడాదికి 261 పనిదినాలు, రోజుకు 8 గంటలు, అంటే 2,088 గంటలు అని లెక్క వేస్తే 18 మంది సరిపోతారని తేలుతుంది. కానీ మనిషి కాగితం మీద ఉన్నట్లు షెడ్డులో ఉండడు. కేంద్ర ప్రభుత్వ సివిలియన్ ఉద్యోగికి ఏడాదికి 8 రోజుల క్యాజువల్ లీవు, 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల హాఫ్ పే లీవు, 17 గెజిటెడ్ సెలవులు, 2 ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. గెజిటెడ్ సెలవుల్లో రెండు మూడు శని, ఆదివారాల్లో పడతాయి. ఆర్జిత సెలవును 300 రోజుల దాకా దాచుకునే వీలుంది కాబట్టి అందరూ మొత్తం వాడుకోరు. గెజిటెడ్ సెలవులకు 15, క్యాజువల్, ఐచ్ఛిక సెలవులకు కలిపి 10, ఆర్జిత సెలవుకు 20, అనారోగ్యానికి 6, శిక్షణ, విచారణ బోర్డులు, తనిఖీ సన్నాహాలు వంటి వాటికి 10 రోజుల చొప్పున తీసివేయండి. మిగిలేది 200 రోజులు. మహిళా ఉద్యోగులు ఎక్కువగా ఉన్న గ్రూపులో 180 రోజుల ప్రసూతి సెలవు, సర్వీసు మొత్తానికి 730 రోజుల శిశు సంరక్షణ సెలవు కూడా లెక్కలోకి రావాలి. అది వారి హక్కు. ఆ సమయంలో పని ఎవరు చేస్తారన్నది ప్లానింగ్ చేసే వారి బాధ్యత.

ఆ 200 రోజుల్లోనూ 8 గంటలూ పని జరగదు. గేటు దగ్గర తనిఖీ, గార్డు రూమ్ నుంచి తాళాలు తీసుకుని సంతకం పెట్టడం, సీళ్లు చూసి షెడ్డు తెరవడం, మధ్యాహ్న భోజనం, సాయంత్రం మళ్లీ సీలు వేసి తాళాలు అప్పగించడం అన్నీ పోగా 6 గంటలు మిగిలితే మంచి డిపో అనే అనాలి. అంటే ఒక్క మనిషికి ఏడాదికి 1,200 గంటలు. 37,500ను దీనితో భాగిస్తే 31 దాటుతుంది, 32 మంది కావాలి. ఒకే పనికి ఒక లెక్కలో 18, మరో లెక్కలో 32 వస్తున్నాయి. ఈ తేడాను బద్ధకం అని పిలిచే అధికారులను చూశాను గానీ, అందులో ఎక్కువ భాగం నిబంధనలు ఇచ్చిన సెలవు, నిబంధనలు అడిగిన భద్రత.

సైనికుల విషయంలో భాజకం మారుతుంది. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. దానికి తోడు ఉదయం పీటీ, ఫైరింగ్, గార్డు డ్యూటీ, యూనిట్ పనులు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరిన అగ్నివీర్లకు వార్షిక సెలవు 30 రోజులే కాబట్టి వారి అందుబాటు దినాలు పైకి చూస్తే ఎక్కువ. అయితే వారి నాలుగేళ్లలో శిక్షణ కాలం కూడా కలిసి ఉంటుంది, ఆ తరువాత కొనసాగేది 25 శాతం మించకుండానే. అందువల్ల సివిలియన్, జవాను, అగ్నివీర్ ముగ్గురినీ కలిపి ఒకే సగటు తీయకుండా మూడు వేర్వేరు వరుసల్లో లెక్క చూపండి.

సగటు ప్రకారం 32 మంది వచ్చారు కదా అని అక్కడితో ఆగిపోతే మార్చి నెలలో చిక్కులో పడతారు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సరుకు అందించి బిల్లులు పాస్ చేయించుకోవాలని సరఫరాదారులందరూ ఫిబ్రవరి, మార్చిల్లోనే లారీలు పంపుతారు. పై ఉదాహరణలో రిసీట్లలో 40 శాతం ఆ రెండు నెలల్లోనే వస్తే 4,800 లైన్లు, అంటే 3,600 గంటలు. సగటు లెక్కలో రెండు నెలలకు కేటాయించినది 1,500 గంటలే. మిగిలిన 2,100 గంటలకు, మనిషికి నెలకు 100 గంటల చొప్పున, పదిమందికి పైగా అదనంగా కావాలి. రెండు నెలల కోసం పది పోస్టులు అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వడం సబబూ కాదు. ఆ రెండు నెలల్లో స్టాక్ టేకింగ్ పూర్తిగా ఆపి మిగతా పది నెలలకు సర్దితే 1,250 గంటలు వెసులుబాటవుతాయి. మిగిలే 850 గంటలకు ఆర్జిత సెలవుల క్యాలెండర్‌ను ముందే మాట్లాడుకుని కొంత, ఓవర్‌టైమ్‌తో కొంత, వేరే గ్రూపు నుంచి నలుగురిని తెచ్చి కొంత తీర్చవచ్చు. పది పోస్టులు అడగవలసిన చోట ఒక క్యాలెండర్‌తో పని జరుగుతుంది. అయితే వాయిదా వేసిన స్టాక్ టేకింగ్ ఏ నెలల్లో పూర్తవుతుందో నోట్‌లో రాయండి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం నిల్వను కనీసం ఏడాదికోసారి భౌతికంగా సరిచూడాలి. సరుకు కస్టడీలో ఉన్నవాడే దాని లెక్కను సరిచూసే ఏర్పాటు పెట్టవద్దు. మనుషులు తక్కువైన చోట మొదట చెరిగిపోయేది ఈ రెండు పనుల మధ్య గీతే, దాని ఫలితం ఆడిట్ వచ్చినప్పుడు గానీ బయటపడదు.

రెండవ రకం, అంటే ఇరవై నాలుగు గంటల పోస్టులు. ఒక్క కాపలా పోస్టుకు రోజుకు మూడు షిఫ్టుల చొప్పున ఏడాదికి 1,095 షిఫ్టులు. డిపోల కాపలాలో ఎక్కువగా కనిపించే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (డీఎస్‌సీ) జవానుకు వారాంతపు విశ్రాంతి, సెలవులు, అనారోగ్యం పోగా 215 రోజుల దాకా దొరుకుతాయనుకుంటే ఒక్క పోస్టుకు ఐదుగురికి పైగా కావాలి. మూడు షిఫ్టులకు ముగ్గురు చాలని రాసిన నోట్‌లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఫైర్ సిబ్బందికీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ యూనిట్ మనిషి కాదు, ఫైర్ ఇంజనుకు కావలసిన పూర్తి బృందం; నలుగురు కావలసిన చోట ముగ్గురు ఉంటే ముప్పావు వంతు పని జరగదు, ఇంజను బయటికే రాదు. ఈ పోస్టులకు లైన్ల సంఖ్యతో సంబంధం లేదు కాబట్టి, ఇష్యూలు తగ్గాయన్న కారణం చూపి వీటిని తగ్గించమనే వాదనను అంగీకరించవద్దు. 2016 మే 31న మహారాష్ట్రలోని పుల్గావ్ కేంద్ర మందుగుండు డిపోలో జరిగిన అగ్ని ప్రమాదంలో ఇద్దరు అధికారులతో పాటు ప్రాణాలు కోల్పోయిన వారిలో మంటల దగ్గరకు మొదట వెళ్లిన ఫైర్, డీఎస్‌సీ సిబ్బంది ఉన్నారు. పోస్టులు కత్తిరించే సమావేశంలో ఆ పేర్లు ఎవరికీ గుర్తుకు రావు, మీరు గుర్తు చేయవలసి ఉంటుంది.

మందుగుండు డిపోల గురించి మీరు అడగలేదు గానీ, మీ బదిలీ అటు పడితే ఉపయోగపడుతుంది. మందుగుండును విప్పి పరీక్షించే, మరమ్మతు చేసే భవనంలో ఒకేసారి ఎంత పేలుడు పదార్థం ఉండవచ్చో, ఎంతమంది మనుషులు ఉండవచ్చో నిర్ణయించిన హద్దులు ఉంటాయి. అవి అక్కడే బోర్డు మీద రాసి ఉంటాయి. అందుచేత పని పెరిగిందని మనుషులను పెంచితే వేగం పెరగదు, హద్దు దాటిన ప్రమాదం మాత్రమే పెరుగుతుంది. అక్కడ పెంచవలసినది భవనాల సంఖ్య లేదా షిఫ్టుల సంఖ్య.

మూడవ రకం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే సైనిక గిడ్డంగిని వ్యాపార గిడ్డంగి నుంచి వేరు చేసేది ఇదే. పండగ అమ్మకాల తేదీ ఆన్‌లైన్ కంపెనీకి ముందే తెలుసు. సైన్యాన్ని యుద్ధానికి సిద్ధం చేసే సమీకరణ ఆదేశం వచ్చే తేదీ మీకు తెలియదు, ఆ రోజున ఇష్యూలు మామూలుకు రెండింతలవుతాయో ఐదింతలవుతాయో అంతకంటే తెలియదు. అలాంటి రోజు కోసం శాశ్వత పోస్టులు పెట్టుకోవడం ఏ దేశానికీ సాధ్యం కాదు. సాధ్యమయ్యేది ఏమిటంటే, ఆ రోజున ఎవరు వస్తారో, ఎన్ని గంటల్లో వస్తారో, వచ్చి ఏ పని చేయగలరో ముందే పేర్లతో సహా రాసి పెట్టుకోవడం.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1990-91 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం చూసింది. పోరాట దళాలను ముందు పంపి, గిడ్డంగులు, రవాణా నడిపే యూనిట్లను వెనక్కి ఉంచారు. ఆ యూనిట్లలో పెద్ద భాగం రిజర్వు బలగాల్లో ఉండేది, వారిని పిలిపించి చేర్చడానికి సమయం పట్టింది. ఈలోగా సౌదీ రేవుల్లో సరుకు దిగుతూనే ఉంది. సుమారు 40,000 కంటైనర్లు వెళితే, వాటిలో సగానికి పైగా లోపల ఏముందో తెలియక తెరిచి చూడవలసి వచ్చింది. అడిగిన సరుకు కనిపించక యూనిట్లు అదే సరుకును మళ్లీ మళ్లీ అడిగాయి, దాంతో కుప్ప ఇంకా పెరిగింది. రిసీట్ దగ్గర ఆదా చేసిన ఒక్కొక్క గంటకు ముందు వరుసలో పదింతలు చెల్లించవలసి వస్తుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అందుకే నా సలహా: సమీకరణ రోజున బయటి నుంచి తెచ్చే మనుషులను లోడింగుకు, ప్యాకింగుకు వాడండి; రిసీట్, గుర్తింపు, వోచర్ పనుల నుంచి మీ సొంత మనుషులను ఒక్కరిని కూడా కదపవద్దు.

లోడింగుకు హమాలీలు ఎప్పుడైనా దొరుకుతారు కదా అనుకోవద్దు. డిపో లోపలికి రావడానికి పోలీసు వెరిఫికేషన్, పాసు ఉండాలి. అవి రాత్రికి రాత్రి రావు. కాంట్రాక్టరు వద్ద ముందే వెరిఫికేషన్ పూర్తయిన మనుషుల జాబితా అవసరానికి మించి ఒకటిన్నర రెట్లు ఉండాలని ఒప్పందంలోనే రాయించండి, ఎందుకంటే కోతల కాలంలో అందులో మూడో వంతు మంది ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

ఎత్తైన ప్రాంతాల సప్లై డిపోలకు ఇంకొక చిక్కు ఉంది. లడఖ్‌లో కనుమలు మూసుకుపోకముందే, వేసవి నెలల్లోనే, చలికాలానికి సరిపడా బియ్యం, పప్పు, కిరోసిన్, బట్టలు చేర్చాలి. ఏడాది పని అంతా కొద్ది నెలల్లో కుదించినట్లు ఉంటుంది. 2020లో తూర్పు లడఖ్‌కు అదనపు బలగాలు తరలినప్పుడు ఆ నిల్వల లెక్క మధ్యలోనే మారిపోయింది. అక్కడికి కింది నుంచి మనుషులను పంపితే మరునాటి నుంచే పని చేయలేరు. సముద్ర మట్టానికి 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య, అంటే లేహ్ వంటి చోట, 6 రోజులు శరీరాన్ని అలవాటు చేసుకోవాలి; 15,000 అడుగుల దాకా వెళ్లాలంటే మరో 4 రోజులు, ఆ పైకి ఇంకో 4 రోజులు. అంత ఎత్తున 14 రోజుల తరువాత గానీ బస్తా ఎత్తలేని మనిషిని మొదటి రోజు నుంచి బలంలో చూపిస్తే ఆ ప్లాన్ కాగితానికే పరిమితం.

ఇప్పటివరకు తలల లెక్క చెప్పాను. నిజానికి నేను చూసిన కొరత ఎక్కువగా తలలది కాదు, నైపుణ్యానిది. లేబుల్ ఊడిపోయిన విడిభాగాన్ని చేతిలోకి తీసుకుని ఇది ఫలానా వాహనపు ఫలానా మోడల్‌ది, దీని పార్ట్ నంబరు మారింది, కొత్త నంబరు కింద వెతకండి అని చెప్పగలిగే స్టోర్‌కీపర్ తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. సికింద్రాబాద్‌లోని ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) సెంటర్, రికార్డు ఆఫీసు ద్వారా మెటీరియల్ అసిస్టెంట్, ట్రేడ్స్‌మన్ మేట్, ఫైర్‌మన్ నియామకాలు జరుగుతుంటాయని మన వైపు నిరుద్యోగులందరికీ తెలుసు. ఎంపికైన వారు చదువుకున్నవారే, కంప్యూటర్ త్వరగా పట్టుకుంటారు. అయితే పాతవారు పదవీ విరమణ చేసిన తరువాత కొత్తవారు చేరితే ఆ గుర్తింపు విద్య మధ్యలోనే పోతుంది. అందుకే మీ నోట్‌లో ప్రతి గ్రూపుకూ రాబోయే ఐదేళ్ల పదవీ విరమణల పట్టిక వేసి, కీలకమైన ప్రతి సీటుకూ కనీసం ఏడాది ముందు వారసుడు పక్కన ఉండేలా అడగండి. నా అనుభవంలో పై కార్యాలయం ఆలస్యం చేయకుండా ఒప్పుకునే కోరిక ఇదే.

ఫోర్క్‌లిఫ్టులు, బార్‌కోడ్‌లు వచ్చాయి కాబట్టి మనుషులు తగ్గాలి అనే ప్రశ్న తప్పక వస్తుంది. నిజమే, తగ్గాలి, కానీ అవి నిజంగా పనిచేసే చోటే. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు షెడ్డులో స్తంభాల మధ్య ఫోర్క్‌లిఫ్టు తిరగదు. కంప్యూటర్‌లో ఎంట్రీ చేసిన తరువాత అదే ఎంట్రీని బిన్ కార్డులోనూ రాయిస్తున్నంత కాలం కంప్యూటర్ పనిని తగ్గించలేదు, పెంచింది. పాత పద్ధతి ఆగిన తేదీ తరువాతే మిగులును చూపండి.

చివరగా నోట్ ఎలా ఉండాలన్నది. సైన్యం పోరాట సామర్థ్యం పెంచి ఖర్చు సర్దేందుకు వేసిన లెఫ్టినెంట్ జనరల్ షెకత్కర్ కమిటీ సిఫార్సుల్లో 65 అంశాలను 2017 ఆగస్టులో ప్రభుత్వం ఆమోదించినప్పుడు, సుమారు 57,000 పోస్టులను మళ్లించే ఆ మొదటి దశలో ఆర్డ్‌నెన్స్ డిపోల క్రమబద్ధీకరణ కూడా ఉంది. అప్పటి నుంచి పెంచమని అడిగే నోట్‌ను అనుమానంగానే చదువుతారు. కాబట్టి మొదటి పేజీలో తగ్గించగలిగిన పోస్టులను మీరే చూపండి. లైన్లు పడిపోయిన గ్రూపు, మూతపడిన వర్క్‌షాప్, కాలం చెల్లిన ట్రేడు ప్రతి డిపోలోనూ ఉంటాయి. తరువాత మంజూరైన సంఖ్య, ఇప్పుడు ఉన్న సంఖ్య, లెక్కలో తేలిన సంఖ్య మూడింటినీ పక్కపక్కన పెట్టండి. నిర్ణీత కాలానికి మించి ఖాళీగా ఉన్న పోస్టు రద్దయినట్లే లెక్క, దాన్ని తిరిగి తెచ్చుకోవడం కొత్త పోస్టు అడిగినంత కష్టం. కనుక ఖాళీలను గడువు తేదీలతో సహా వేరే అనుబంధంలో ఇవ్వండి. మనుషులు ఇవ్వకపోతే ఏ పని ఆగుతుందో, దాన్ని ఆపడానికి ఎవరు సంతకం చేయాలో ఒక పేరాలో రాయండి. మూడేళ్ల లైన్ల లెక్కను నెలలవారీగా తీసుకుని వస్తే, మీ గ్రూపుల పట్టికను ఎలా వేయాలో మరో సమాధానంలో చెబుతాను. అప్పుడు కూడా సంఖ్యలను మార్చి, నిష్పత్తులు మాత్రమే ఇవ్వండి.